చెదల నుంచి తప్పించి వరుసలో పెట్టారు: కడప బంగళాలో బ్రౌన్ దొర పుస్తకాల ఇల్లు

తెలుగు చదువుకున్న ఇళ్లల్లో బ్రౌన్ నిఘంటువు పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆ నిఘంటువు వెనకాల ఒక ఇల్లు ఉందని, ఆ ఇంటి నిండా వరుసగా పెట్టిన పుస్తకాలు, రాసేవాళ్లు, దిద్దేవాళ్లు ఉండేవారని మాత్రం చాలామందికి తెలీదు. ఆ ఇల్లు కడపలో ఉండేది. యజమాని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన జీతంలో ఎక్కువ భాగం ఆ ఇంటికే పోయింది. అది చాలక అప్పులూ చేశారు. ఇంతకీ అంత డబ్బు పోసి ఆయన చేసిన పని వింటే చాలా మామూలుగా ఉంటుంది. ఊళ్లల్లో చెల్లాచెదురుగా పడి ఉన్న పుస్తకాలను ఒకచోటికి తెచ్చారు. ఏది ఏమిటో తేల్చారు. జాబితా వేసి, మళ్లీ కావాల్సినప్పుడు చేతికి దొరికేలా పెట్టారు.

ఇంట్లో పది పుస్తకాలున్నా, రెండు వేలున్నా సమస్య ఒక్కటే. కొన్నది గుర్తుంటుంది, ఎక్కడ పెట్టామో గుర్తుండదు. బ్రౌన్ జీవితం చూస్తే ఆ సమస్యను ఒక మనిషి ముప్పై ఏళ్లు పట్టుబట్టి ఎలా పరిష్కరించుకున్నాడో తెలుస్తుంది.

కలకత్తాలో పుట్టి, కడపకు వచ్చి

బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాధికారి, పలు భాషల మీద మక్కువ ఉన్నవారు. ఆ ఇంట్లో పిల్లలకు చిన్నప్పుడే రకరకాల భాషలు చెవిన పడ్డాయి. వాటిలో హిందూస్తానీ కూడా ఒకటి. 1812లో తండ్రి చనిపోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే హెయిలీబరీ కాలేజీలో చదివి, 1817లో బ్రౌన్ మద్రాసు వచ్చారు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. మద్రాసులోని కంపెనీ కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దుకున్నారు.

1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా మొదటి ఉద్యోగం. కచేరీలో వచ్చే అర్జీలు, వాంగ్మూలాలు తెలుగులో ఉండేవి. జనం మాట్లాడేదీ తెలుగే. ఉద్యోగం సరిగ్గా చేయాలంటే భాష రాక తప్పదు. ఆ కాలంలో చాలామంది ఇంగ్లీషు అధికారులు దుబాసీల మీద ఆధారపడి రోజులు నెట్టుకొచ్చేవారు. బ్రౌన్ స్వయంగా చదివి అర్థం చేసుకోవాలనుకున్నారు. చదవడానికి పుస్తకం కావాలి. చిక్కు అక్కడే వచ్చింది.

తర్వాత మచిలీపట్నానికి బదిలీ అయ్యాక, 1824 ప్రాంతంలో, ఫ్రెంచి మతబోధకుడు అబే డుబాయ్ రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన ఆయన కంటపడింది. ఎవరీ వేమన అని ఆరా తీశారు. పండితుల్లో పెద్దగా ఆదరణ లేదు. జనం నోట మాత్రం పద్యాలు ఆడుతూనే ఉన్నాయి. అచ్చులో ఏమీ లేవు. ఉన్నవన్నీ తాటాకుల మీద, ఎవరింట్లో వాళ్ల దగ్గర. ఒక ఊరి ప్రతికీ ఇంకో ఊరి ప్రతికీ పొంతన లేదు.

ఆకుల కట్టలతో అసలు కష్టం

ఈ రోజు ఇంట్లో బీరువా తెరిస్తే పుస్తకం వీపు మీద పేరు కనిపిస్తుంది. తాటాకు పుస్తకానికి వీపు ఉండదు. సన్నగా, పొడుగ్గా ఉండే ఆకులను దొంతరగా పేర్చి, చిల్లు పెట్టి తాడు దూర్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి కడతారు. బయట నుంచి చూస్తే అన్ని కట్టలూ ఒక్కలాగే ఉంటాయి. లోపల ఏముందో విప్పి చదివితే తప్ప తెలీదు. తాడు తెగితే ఆకుల వరుస చెదిరిపోతుంది. ఒక ఆకు పోతే పద్యం సగంలో ఆగిపోతుంది. ఒకే కట్టలో రెండు మూడు వేర్వేరు గ్రంథాలు కలిసి ఉండటమూ మామూలే. ఆకు మీద గీసిన అక్షరానికి మసి పూస్తేనే అది కంటికి ఆనుతుంది. మసి పోయాక వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కళ్లు చిట్లించి చదవాలి.

దీనికి తోడు చెదలు, పురుగు, వానాకాలపు తేమ. కొన్ని దశాబ్దాలకు ఒకసారి కొత్త ఆకుల మీదకు తిరగరాయకపోతే ఆ పుస్తకం ఉన్నట్టా, లేనట్టా అన్న స్థితికి వస్తుంది. తిరగరాసేవాళ్లకు కూలి ఇచ్చే పాత సంస్థానాలు, జమీలు కంపెనీ పాలనలో చిక్కిపోయాయి. రాయించేవాళ్లు లేక గ్రంథాలు అటకల మీదే పొడి అవుతున్నాయి. బ్రౌన్ తెలుగు నేర్చుకుంటున్న రోజుల్లో పరిస్థితి ఇదీ.

బంగళా కాస్తా కాలేజీ అయింది

రాజమండ్రిలో కొంతకాలం పనిచేసి బ్రౌన్ మళ్లీ కడప చేరారు. అక్కడ తోటతో కూడిన ఒక బంగళా కొన్నారు. పండితులను, లేఖకులను పిలిపించి సొంత డబ్బుతో జీతాలిచ్చి పెట్టుకున్నారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, మన్నెపల్లి రామకృష్ణ కవి లాంటి పండితులు ఆయనతో కలిసి పనిచేశారు. కడపలో ఈ పని మొత్తం చూసుకునే బాధ్యత అయోధ్యాపురం కృష్ణారెడ్డిది. దొరకు ఉద్యోగరీత్యా బదిలీలు అవుతున్నా, ఇక్కడ రాత పని ఆగకుండా ఆయన నడిపించారు. జనం ఆ ఇంటిని బ్రౌన్ కాలేజీ అని పిలవడం మొదలుపెట్టారు.

అక్కడ పని జరిగే తీరుకు ఒక క్రమం ఉండేది. ముందుగా ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవారు. కొన్ని కొనేవారు. అమ్మనివాళ్ల దగ్గర అడిగి తెచ్చి నకలు రాయించుకునేవారు. ఆకుల మీద ఉన్నదాన్ని లేఖకులు కాగితం మీదకు ఎక్కించేవారు. పండితులు ఆ ప్రతులన్నీ ముందు పెట్టుకుని పోల్చేవారు. ఎక్కడ తేడా ఉందో గుర్తించి, తేడాలు రాసి, సరైన పాఠం ఏదో తేల్చేవారు. తర్వాత శుద్ధప్రతి రాసేవారు. కష్టమైన పద్యాలకు టీక రాయించేవారు. పద్యాల సూచిక తయారయ్యేది. చివరికి అదంతా కలిపి బైండు చేయించేవారు. చాలా సంపుటాల్లో ఇది ఏ గ్రంథం, ఎలా సంపాదించింది అన్న సంగతులు బ్రౌన్ సొంత చేత్తో ఇంగ్లీషులో రాసి పెట్టుకున్నారు.

లెక్కల పుస్తకాలు రాసేవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. చిట్టాలో ఎక్కనిది ఆవర్జాలోకి రాదు. ఆవర్జాలో పుట సంఖ్య లేకపోతే ఖాతా వెతకడం కుదరదు. బ్రౌన్ ఇంట్లో పుస్తకానికి కూడా అదే నియమం. ఇంట్లోకి వచ్చిన ప్రతి గ్రంథానికి ఒక గుర్తింపు, అది ఎలా వచ్చిందన్న నాలుగు ముక్కలు, లోపల ఉన్నదాన్ని పట్టిచ్చే సూచిక. ఈ మూడూ ఉంటే పుస్తకం ఏ అరలో ఉన్నా పోదు. ఈ మూడూ లేకపోతే కళ్లముందున్నా అది లేనట్టే.

వేమన పద్యాలకు ఏ వరుస?

ఈ పద్ధతికి మొదటి పెద్ద పరీక్ష వేమనే. వేమన పద్యాలు ఒక కథలా మొదలై ముగిసేవి కావు. ఏ పద్యానికి ఆ పద్యమే. ఒక ప్రతిలో మొదట ఉన్నది ఇంకో ప్రతిలో మధ్యలో ఉంటుంది, మూడో దాంట్లో ఉండనే ఉండదు. ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, పద్యాలన్నీ పోల్చి, మళ్లీ మళ్లీ వచ్చేవాటిని ఏరేసి, పాఠం తేలినవాటిని పక్కకు తీశారు. అలా తీసినవాటిని ఎలా పేర్చాలన్నది తర్వాతి ప్రశ్న.

అక్షర క్రమంలో పెడితే వెతకడం తేలిక. కానీ చదివేవాడికి ఒక దాని తర్వాత ఇంకొకటి సంబంధం లేకుండా వస్తుంది. విషయం ప్రకారం పెడితే చదవడం బాగుంటుంది. పద్యం మొదటి మాట మాత్రమే గుర్తున్నవాడికి మాత్రం అది దొరకదు. ఇంట్లో పుస్తకాలు సర్దుకునే ఎవరికైనా ఎదురయ్యే చిక్కు ఇదే. పేరు ప్రకారమా, విషయం ప్రకారమా? 1829లో అచ్చయిన వేమన పద్యాల పుస్తకానికి బ్రౌన్ పెట్టిన పేరులోనే నీతి, మతం, అధిక్షేపం అన్న మూడు తరగతులు కనిపిస్తాయి. అందులో 693 పద్యాలున్నాయి, ఇంగ్లీషు అనువాదంతో సహా. తర్వాత ఇంకా ప్రతులు సంపాదించి 1839లో వేసిన ముద్రణలో పద్యాల సంఖ్య 1,164కు చేరింది.

పదేళ్లలో అన్ని పద్యాలు పెరగడం వెనక ఒక విషయం ఉంది. మొదటి పుస్తకం అచ్చయ్యాక కూడా ఆయన పాత ప్రతులను పక్కన పడేయలేదు. కొత్తగా దొరికిన దాన్ని పాతదానితో మళ్లీ పోల్చారు. సర్దడం ఒక్కరోజు పని అనుకుంటే ఆ రోజుతోనే ఆగిపోతుంది. కొత్త పుస్తకం వచ్చినప్పుడల్లా పాత వరుసలో దానికి చోటు చూసుకుంటూ పోతేనే ఇంటి గ్రంథాలయం నిలుస్తుంది.

అప్పులు, ఉద్యోగ గండం, లండన్ రోజులు

ఇదంతా సుఖంగా ఏమీ సాగలేదు. పండితుల జీతాలు, లేఖకుల కూలి, కాగితం, బైండింగు, గ్రంథాల కొనుగోలు, అన్నీ సొంత జేబు నుంచే. దీనికి తోడు కడపలో, మచిలీపట్నంలో పేద పిల్లల కోసం ఉచిత బడులు పెట్టి వాటి ఖర్చూ భరించారు. వేల రూపాయల అప్పు మీద పడింది. పెళ్లి చేసుకోలేదు. ఇల్లంటే ఆయనకు పుస్తకాలే.

1833 నాటి ఘోర కరువులో ఆయన గుంటూరులో ఉద్యోగం చేశారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన రోజులవి. ఆ తర్వాత పై అధికారులతో పొసగక 1834లో ఉద్యోగం పోయింది. అప్పులున్న మనిషికి జీతం ఆగిపోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లండు వెళ్లిపోయారు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి.

లండన్‌లో కంపెనీ వారి గ్రంథాలయంలో ఆయనకు ఇంకో దృశ్యం ఎదురైంది. దక్షిణ భారతం నుంచి ఎప్పుడో తరలించిన తెలుగు గ్రంథాలు అక్కడ పడి ఉన్నాయి. చదివే నాథుడు లేడు. జాన్ లేడన్ లాంటివారు సేకరించిన ఆ ప్రతులు భద్రంగానే ఉన్నాయి గానీ, అవి ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఆ ఊళ్లో లేరు. బ్రౌన్ వాటిని పరిశీలించి, ఇవి తెలుగు చదివేవాళ్లుండే చోటే ఉండాలని పట్టుబట్టారు. ఆయన పూనికతో ఆ గ్రంథాలు మద్రాసుకు తిరిగివచ్చాయి. 1838లో ఆయనా తిరిగి మద్రాసు వచ్చి కొలువులో చేరారు.

పుస్తకానికి చోటు అంటే అర ఒక్కటే కాదని ఆ రోజుల్లో ఆయన చేతల్లో చూపించారు. చదవగలిగినవాడి చేతికి అందే దూరంలో లేకపోతే ఎంత మంచి బీరువాలో పెట్టినా దండగే.

ఉర్దూ, ఫారసీ మాటలకు వేరే పుస్తకం

మద్రాసులో బ్రౌన్ ప్రభుత్వానికి ఫారసీ అనువాదకుడిగా, తెలుగు అనువాదకుడిగా పనిచేశారు. పోస్ట్‌మాస్టర్ జనరల్ బాధ్యత కూడా చూశారు. ఉద్యోగం ఒకవైపు, అచ్చు పని ఇంకోవైపు. 1840లో తెలుగు వ్యాకరణం వచ్చింది. జూలూరి అప్పయ్య టీకతో 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర అచ్చయ్యాయి. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, దానితో జతగా ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు వచ్చాయి.

నిఘంటువంటే ఒక రకంగా పెద్ద ఇంటి సర్దుడే. వేలాది మాటలు, ఒక్కోదానికి ఒక్క చోటు. ఏ కావ్యంలో ఏ పద్యంలో ఆ మాట వాడారో కూడా చెప్పగలిగారంటే కారణం కడప బంగళాలో తయారైన ఆ శుద్ధప్రతులు, సూచికలే. పుస్తకాలు వరుసలో లేకపోయి ఉంటే మాటలు వరుసలోకి వచ్చేవి కావు.

ఇక్కడ ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన కుటుంబాలకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆ కాలపు కచేరీల్లో, కోర్టుల్లో, సంతల్లో వినిపించే తెలుగు నిండా అరబ్బీ, ఫారసీ, హిందూస్తానీ మాటలుండేవి. దస్తావేజు, రసీదు, వకీలు, ఫిర్యాదు, హాజరు, జప్తు, జమీందారు, తహసీలు. పండితుల నిఘంటువుల్లో వీటికి చోటు లేదు. అవి అచ్చ తెలుగు కావని వదిలేసేవారు. బ్రౌన్ వదల్లేదు. జనం నోట రోజూ ఆడే మాటను నిఘంటువు నుంచి తీసేస్తే కోర్టు కాగితం చదివేదెలా? అందుకని ఈ మాటల కోసం విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు తయారుచేసి 1854లో అచ్చువేశారు. అంతకు ముందు 1852లో, ఈ దేశపు ప్రభుత్వ వ్యవహారాల్లో వాడే మాటలను రోమన్ లిపిలో వివరిస్తూ జిల్లా నిఘంటువు ఒకటి తెచ్చారు.

ఈ నిర్ణయంలో సర్దుడుకు సంబంధించిన ఒక నేర్పు ఉంది. ఏ వరుసలోనూ ఇమడని వాటిని చాలామంది ఒక మూలకు నెట్టేస్తారు. బ్రౌన్ వాటికి వేరే అర కట్టి, దానికి పేరు పెట్టారు. ఈనాడు నర్సీపట్నం పక్కన కోటవురట్లలో తహసీల్దారు కార్యాలయానికి వెళ్లినవాళ్లు దరఖాస్తు, అర్జీ, జమాబందీ, ఫసలీ అన్న మాటలు వింటూనే ఉంటారు. ఆ ప్రాంతం కూడా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుని బయట తెలుగు రాసే కుటుంబానికి ఈ మాటలు రెండు వైపులా చుట్టాలే.

తేదీల విషయంలోనూ అంతే. పాత కాగితాల్లో ఒకచోట హిజ్రీ సంవత్సరం, ఇంకోచోట తెలుగు సంవత్సరం పేరు, మరోచోట ఫసలీ కనిపిస్తాయి. ఏది ముందు, ఏది వెనక అని తేలకపోతే కాగితాలను వరుసలో పెట్టడం కుదరదు. 1850లో బ్రౌన్ హిందూ, ముస్లిం కాలగణనల పట్టికలను మద్రాసులో అచ్చువేశారు. ఇదే విషయం మీద 1863లో లండన్‌లో ఇంకో పుస్తకం వేశారు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల చరిత్రగా పుంగనూరి రామచంద్రరావు మరాఠీలో రాసిన గ్రంథాన్ని 1849లో ఇంగ్లీషులోకి తెచ్చిందీ ఆయనే.

ఉండగానే అప్పగించారు

1840ల నాటికి బ్రౌన్ దగ్గర చేరిన గ్రంథాలు రెండు వేలు దాటాయి. ఇంత సంపదను ఇంట్లో పెట్టుకుని కూర్చుంటే తన తర్వాత ఏమవుతుందన్న ఆలోచన ఆయనకు వచ్చింది. తన సేకరణను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించేశారు. ఒక ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఆయన ఇచ్చింది ఒక గుట్ట కాదు. పోల్చి, రాయించి, బైండు చేయించి, జాబితా వేసి ఇచ్చారు. తీసుకున్నవాళ్లకు ఏది ఏమిటో అడగాల్సిన పని లేకపోయింది.

తర్వాతి రోజుల్లో ఆ గ్రంథాలు చేతులు మారాయి. చివరికి మద్రాసులో 1869లో ఏర్పడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. కల్నల్ మెకంజీ సేకరణ, లండన్ నుంచి తిరిగివచ్చిన సేకరణ, బ్రౌన్ సేకరణ, ఈ మూడే ఆ సంస్థకు పునాది. ఎన్ని చోట్లు మారినా అవి కలగాపులగం కాకుండా నిలబడటానికి ఇంట్లో జరిగిన ఆ మొదటి సర్దుడు ఎంతో సాయపడింది.

ఇదే విషయంలో హైదరాబాదు చూసిన అనుభవం వేరు. మూడో సాలార్ జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కూడా బ్రౌన్ లాగే పెళ్లి చేసుకోలేదు. ఆస్తినంతా పుస్తకాల మీద, కళావస్తువుల మీద పెట్టారు. 1949 మార్చి 2న ఆయన చనిపోయేనాటికి దీవాన్ దేవిడీ నిండా వస్తువులు, వేల కొద్దీ అరబ్బీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతులు, అచ్చు పుస్తకాలు ఉన్నాయి. నేరుగా వారసులు లేరు. ప్రభుత్వం కమిటీ వేసి వాటిని చూసుకోవాల్సి వచ్చింది. 1951 డిసెంబర్ 16న జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. ఉర్దూ రాతప్రతుల వివరణాత్మక జాబితాను నసీరుద్దీన్ హాష్మీ తయారుచేయగా అది 1957లో వచ్చింది. అంటే యజమాని పోయాక ఎనిమిదేళ్లకు. అంత పెద్ద పేరున్న ఇంటికే ఈ ఇబ్బంది తప్పలేదు. మామూలు ఇళ్లల్లో పెద్దాయన పోయాక పుస్తకాల గతి ఏమవుతుందో చాలా కుటుంబాలకు తెలిసిన సంగతే. ఎవరికీ ఏదీ తెలీదు గనక మొత్తం తూకానికి వెళ్లిపోతుంది.

చివరి రోజులు

ఆరోగ్యం సహకరించక 1855లో బ్రౌన్ ఉద్యోగం వదిలి లండన్ వెళ్లిపోయారు. అక్కడ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశారు. తెలుగు నేల మళ్లీ చూడలేదు. 1884 డిసెంబర్ 12న 86 ఏళ్ల వయసులో లండన్‌లో చనిపోయారు.

ఆయన అన్ని విషయాల్లో మచ్చలేని మనిషని చెప్పడం కుదరదు. కంపెనీ పాలనలో భాగమైన అధికారి ఆయన. ఆ పాలన వల్లే సంస్థానాలు చిక్కి, గ్రంథాలు దిక్కులేనివయ్యాయి. పండితుల కష్టం మీద తయారైన పుస్తకాలకు లోకంలో బ్రౌన్ పేరే ఎక్కువ మిగిలింది. జూలూరి అప్పయ్య, అయోధ్యాపురం కృష్ణారెడ్డి పేర్లు ఎంతమందికి తెలుసు? అయినా పోవాల్సిన పుస్తకాలు పోకుండా ఆగాయన్నది నిజం.

కడపలో ఆయన బంగళా కాలక్రమంలో పాడుబడింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి తిరిగి, విరాళాలు కూడగట్టి, ఆ స్థలంలో సి.పి. బ్రౌన్ పేర గ్రంథాలయం నిలబెట్టారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. శిథిలమైన చోటే మళ్లీ పుస్తకాలు చేరాయి.

ఈనాటి ఇంటికి ఏం పనికొస్తుంది?

కోటవురట్ల లాంటి ఊళ్లో ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో పుస్తకాలంటే సాధారణంగా ఏముంటాయి? పవిత్ర ఖుర్‌ఆన్, తఫ్సీర్లు, హదీసు పుస్తకాలు, తెలుగు అనువాదాలు. నాన్న, తాతల నాటి ఉర్దూ పుస్తకాలు. పిల్లల పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు. ఒక సంచిలో పాత దస్తావేజులు. మూడు నాలుగు భాషలు, రెండు లిపులు. బ్రౌన్ ఇంటి నియమాలు వీటికి చక్కగా సరిపోతాయి.

మొదటి పని అన్నీ ఒకచోటికి తేవడం. అటక మీద, ట్రంకు పెట్టెలో, మంచం కింద ఉన్నవన్నీ ఒకసారి కిందికి దించి దుమ్ము దులిపి, చెదలు పట్టినవి విడిగా పెట్టాలి. అవి మిగతావాటిని కూడా పాడుచేస్తాయి. బీరువాను గోడకు ఆనించకుండా కొద్దిగా జరిపి పెడితే తేమ, చెదలు అంత త్వరగా పాకవు.

రెండోది, ఒక నోటు పుస్తకం. ప్రతి పుస్తకానికి ఒక సంఖ్య, పేరు, రాసినవారు, భాష, ఎలా వచ్చింది, ఏ అర. కావాలంటే ఫోన్లో పట్టిక వేసుకోవచ్చు. కాగితం మీద కూడా ఒక ప్రతి ఉండటం మేలు. అదే సంఖ్యను పుస్తకం లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాయాలి. ఎవరైనా అడిగి తీసుకెళ్తే ఆ వరుసకు ఎదురుగా పేరు, తేదీ. తిరిగి రాని పుస్తకాల్లో సగం ఎవరి దగ్గరున్నాయో గుర్తులేక పోయినవే.

మూడోది వరుస. ఖుర్‌ఆన్, దీనీ పుస్తకాలు అదబుగా పై అరలో ఉంటాయి. అక్కడ చర్చ లేదు. మిగతావాటిని విషయం ప్రకారం విడదీసి, విషయం లోపల భాష ప్రకారం పెడితే వెతకడం సులువు. ఉర్దూ చదవలేని పిల్లలున్న ఇంట్లో ఉర్దూ పుస్తకాల వీపు మీద చిన్న చీటీ అంటించి తెలుగులో పేరు రాస్తే, వాళ్లకు కనీసం అది ఏ పుస్తకమో తెలుస్తుంది. పేరు చదవగలిగితే ఏదో ఒక రోజు తెరిచి చూస్తారు. ఏ వరుసలోనూ ఇమడని కరపత్రాలు, పాత పత్రికలు, పెళ్లి రుకాలు, ఉత్తరాలకు బ్రౌన్ చేసినట్టే వేరే అర ఇచ్చి దానికీ ఒక పేరు పెట్టాలి.

పాత దస్తావేజుల విషయంలో తేదీలే తాళంచెవి. జూలైలో మొదలయ్యే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1434 అంటే 2024 జూలైలో మొదలైంది. ఆ లెక్కన కాగితాలను పాతవి ముందు, కొత్తవి వెనక పేర్చుకుంటే భూమి తగాదా వచ్చినప్పుడు వెతుకులాట తప్పుతుంది. చిరిగిపోతున్న వాటిని ఫోటో తీసి దాచుకోవడం అంటే బ్రౌన్ లేఖకులు ఆకుల నుంచి కాగితానికి ఎక్కించిన పనే.

చివరిది అందరూ వాయిదా వేసేది. ఈ పుస్తకాలు తర్వాత ఎవరికి? ఇంట్లో చదివే పిల్ల ఉందా, ఊళ్లో మదరసా ఉందా, శాఖా గ్రంథాలయం ఉందా? ఆ సంగతి నోటు పుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి. బ్రౌన్ ఆ పని తను ఉండగానే చేశారు. అందుకే ఆయన పోయి నూట నలభై ఏళ్లు దాటినా, ఆయన రాయించిన సంపుటాలు ఈ రోజుకీ అడిగినవాళ్లకు దొరుకుతున్నాయి.